ఉదయగిరి యుద్ధం తెరకెక్కేదెప్పుడు?

రండి, కూర్చోండి. పొద్దు గూకింది, వెలిగొండల మీద నుంచి చలిగాలి దిగుతోంది. ఈ పూట కాసేపు యుద్ధాల గురించి మాట్లాడుకుందాం. సినిమా యుద్ధాలు, వాటితోపాటు మన గడపలో జరిగిన అసలు యుద్ధం ఒకటి.

మా పడమటి నెల్లూరు జనానికి సినిమా మీద ఎంత ఇష్టమో వేరే చెప్పక్కర్లేదు. అందులో కత్తి, గుర్రం, కోట ఉంటే ఇక ఆగరు. ఆత్మకూరులో అలాంటి బొమ్మ పడిందంటే అనంతసాగరం, మర్రిపాడు, సంగం వైపు నుంచి కుటుంబాలకు కుటుంబాలే వచ్చేస్తాయి. 2017లో 'బాహుబలి' రెండో భాగం వచ్చినప్పుడూ అంతే. అందులో తాటిచెట్లను వంచి, వాటి మీద సైనికుల్ని కూర్చోబెట్టి, డాళ్లు అడ్డం పెట్టుకున్న ఆ గుంపును కోటగోడ అవతలికి విసిరేస్తారు, గుర్తుందా? హాలు మొత్తం లేచి ఈలలు వేసింది. బయటికొచ్చాక మా మేనల్లుడు అడిగాడు: "మామా, మన ఉదయగిరి కొండను కూడా ఇట్లనే పట్టుకోవచ్చునా?"

మంచి ప్రశ్న. మాహిష్మతి కల్పిత రాజ్యం, అక్కడ తాటిచెట్టు ఏం చేసినా అడిగే హక్కు మనకు లేదు. కథ అది, చూసి ఆనందించాం. కానీ ఉదయగిరి కల్పితం కాదు. దాదాపు 3,000 అడుగుల ఎత్తున, దుర్గం గోడలతో సహా, ఇప్పటికీ మన కళ్లెదుటే ఉంది. దాన్ని పట్టుకోవడానికి 1513లో శ్రీకృష్ణదేవరాయలు స్వయంగా వచ్చాడు. ఎలా పట్టుకున్నాడో రాసిన కాగితం కూడా ఉంది. అది చదివినవాళ్లకు ఆ యుద్ధం తెర మీదికి ఎందుకు రాలేదా అని బాధ కలుగుతుంది. నాకైతే కలుగుతోంది.

ముందు కొండ సంగతి చెబుతాను. ఉదయగిరి ఊళ్లో నిలబడి తలెత్తి చూస్తే కొండ పైభాగం చాలాచోట్ల నిలువు బండ. ఎక్కడానికి పట్టు దొరకదు. వీలున్న చోటల్లా గోడ కట్టారు, గోడ మీద బురుజు కట్టారు. కొండ మీద, కొండ కింద కలిపి పదమూడు దుర్గాలు ఉండేవని పాత జిల్లా గ్రంథాలు చెబుతాయి. పైన కోనేళ్లున్నాయి, గుళ్లున్నాయి, గోల్కొండ సుల్తానుల కాలపు మసీదు కూడా ఉంది. దారి అన్నది సన్నంగా, వంకర తిరుగుతూ పోతుంది. ప్రతి మలుపునూ పైనున్నవాడు చూడగలడు, కిందివాడికి పైనున్నవాడు కనిపించడు. ఆ మలుపుల్లో ఒకచోట ఆగి పైకి చూడండి. పైన ఒక్క మనిషి, చేతికందేలా నాలుగు గుండ్రాళ్లు ఉంటే చాలు, కింద వెయ్యిమంది ఉన్నా చేయగలిగింది ఏమీ లేదని మీకే తెలిసిపోతుంది.

ఈ కోట అప్పుడు కళింగ గజపతుల చేతిలో ఉంది. విజయనగరం వాళ్లకు ఇది పాత గాయం. సాళువ నరసింహరాయలు దీన్ని తిరిగి తెచ్చుకోబోయి, ఓడిపోయి, గజపతికి బందీగా చిక్కాడు. చనిపోయే ముందు రాయచూరు, ఉదయగిరి సహా మూడు కోటల పేర్లు చెప్పి, వాటిని ఎలాగైనా సాధించమని తన తర్వాతివాళ్లకు అప్పగింత పెట్టాడని నూనిజ్ రాశాడు. నూనిజ్ అంటే ఫెర్నావ్ నూనిజ్, పోర్చుగీసువాడు, గుర్రాల వ్యాపారి. రాయలు పోయాక, అచ్యుతరాయల కాలంలో, సుమారు 1535 ప్రాంతంలో విజయనగరంలో ఉండి, విన్నదీ చూసిందీ రాసిపెట్టాడు. 1900లో రాబర్ట్ సూయెల్ దాన్ని ఇంగ్లీషులో అచ్చువేశాకే మనకు అందింది.

నూనిజ్ లెక్క ప్రకారం రాయలు 34,000 కాల్బలంతో, 800 ఏనుగులతో వచ్చాడు. కోటలో ఉన్నది 10,000 కాల్బలం, 400 గుర్రాలు. అంతకన్న ఎక్కువమంది వాళ్లకు అక్కర్లేదు, ఎందుకంటే ఆకలితో మాడ్చి తప్ప ఆ కోటను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు అంటాడు. మరి రాయలు ఏం చేశాడు? ఏడాదిన్నర కొండ కింద కూర్చున్నాడు. కూర్చుని దారులు వేయించాడు.

అవును, దారులు. అంతకుముందు పైకి పోవడానికి ఒకే దారి ఉండేదట, అదీ మనిషి వెనక మనిషి ఒక్కొక్కరుగా పోవాల్సిన దారి. రాయలు ఆ దారిని వెడల్పు చేయించాడు. అది చాలదని బండలు పగలగొట్టించి, బురుజుల దగ్గరదాకా సైన్యం పోయేటట్టు కొత్త దారులు ఇంకా కొన్ని తెరిపించాడు. ఆ తర్వాతే కోట మీదికి దూకాడు. 800 ఏనుగులు, వేల మంది సైనికులు ఉన్న చక్రవర్తి ఆ కొండను గెలిచింది ముందుగా సమ్మెటతో, ఉలితో, గునపంతో.

బండ పని చేసేవాళ్లను మీరెప్పుడైనా దగ్గర నుంచి చూశారా? మా వైపు ఇది ఇప్పటికీ కనిపిస్తుంది. ముందు బండ చుట్టూ తిరిగి చూస్తారు, అరచేత్తో తడిమి చూస్తారు, సమ్మెటతో తట్టి శబ్దం వింటారు. నార ఎటు పోయిందో తెలుసుకున్నాక ఉలితో వరసగా చిన్న చిన్న గుంటలు తొలుస్తారు. ఒక్కో గుంటలో ఇనప మేకు నిలబెట్టి, ఆ చివర నుంచి ఈ చివరకు ఒక్కో దెబ్బ వేసుకుంటూ పోతారు. మళ్లీ మొదటికి వస్తారు. ఎంతసేపటికీ ఏమీ కాదు. కాసేపటికి లోపల నుంచి 'టక్' మని ఒక శబ్దం వస్తుంది, సన్నగా వెంట్రుకంత గీత పడుతుంది. ఇక ఆ బండ ఆగదు. మరోచోట బండ మీద కట్టెలు పేర్చి మంట పెట్టి పొరలు లేపుతారు. రోజంతా చేస్తే నాలుగు అడుగులు. ఇప్పుడు ఇదే పనిని ఉదయగిరి కొండ మీద, పైనుంచి బాణాలు, రాళ్లు పడుతుండగా, రోహిణీ కార్తె ఎండలో ఊహించుకోండి. తలల మీద తడికెలు, డాళ్లు పట్టుకోవడానికి కొందరు, పగిలిన రాయి మోయడానికి కొందరు, దెబ్బ తిన్నవాడిని కిందికి దించడానికి ఇంకొందరు ఉండాలి. యుద్ధం అంటే ఇది. ఇందులో వీరం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

మన సినిమాల్లో ఈ మనుషులు ఉండరు.

సినిమా సైన్యానికి దాహం కూడా వేయదు, గమనించారా? లక్షమంది నిలబడి ఉంటారు, ఒక్కడి దగ్గరా నీళ్ల తిత్తి కనిపించదు. మా పడమటి మండలాల్లో పుట్టినవాడికి ఇది వెంటనే తెలుస్తుంది. సోమశిల జలాశయం రాకముందు ఇక్కడ వేసవి అంటే ఏమిటో పెద్దవాళ్లను అడగండి. మరి ఏడాదిన్నర పాటు అంత సైన్యం ఇక్కడ ఏం తాగింది, ఏం తిన్నది? రాయలు ఈ సంగతిని ఎంత పట్టించుకున్నాడో 1520లో రాయచూరు మీదికి పోయినప్పుడు చేసిన ఏర్పాట్లలో కనిపిస్తుంది. తోలు తిత్తులతో నీళ్లు మోసే 12,000 మందిని దారి పొడవునా నిలబెట్టాడని నూనిజ్ రాశాడు. జనం నీళ్ల కోసం వరస తప్పి చెదిరిపోకుండా, దాహంతో చావకుండా చేసిన ఏర్పాటది. సైన్యానికి మూడు నాలుగు ఆమడల ముందు వేగులు పోతుంటారు. విడిది పడితే వీధులు, బజార్లు తీరుస్తారు, కావలసిన సరుకు అక్కడే దొరుకుతుంది. ఆ విడిది సంగతి చదువుతుంటే ఒక కదిలే పట్నం కళ్లకు కడుతుంది. ఒక్క దర్శకుడు ఆ బజారులో కెమెరా పెట్టి పది నిమిషాలు తీస్తే ఎంత బాగుంటుంది!

మేనల్లుడికి ఇదంతా చెబితే ఇంకో ప్రశ్న వేశాడు. "మరి పద్దెనిమిది నెలలు రాయలు ఏం చేస్తా ఉండాడు మామా? కత్తి తిప్పలేదా?"

రాయలు కత్తి తిప్పగలడు, సందేహం లేదు. పొద్దున్నే లేచి కసరత్తు చేసి, కత్తి సాము చేసేవాడని అతన్ని చూసిన మరో పోర్చుగీసువాడు డొమింగో పాయెస్ రాశాడు. కానీ ముట్టడి వేరు. 1513లో, అంటే ముట్టడి సాగుతున్న కాలంలోనే, అతను ఒకసారికి మించి తిరుమలకు వెళ్లి వచ్చినట్టు అక్కడి శాసనాలు చెబుతున్నాయి. రాజు దేవుడి దర్శనానికి పోయినా కింద పని ఆగలేదు. కొండను చుట్టుముట్టిన సైన్యం అలాగే ఉంది, బండలు పగులుతూనే ఉన్నాయి, పైకి ఒక్క బస్తా గింజలు పోనివ్వలేదు. పని పురమాయించి, నమ్మినవాళ్లకు అప్పగించి, కాపలా సడలకుండా చూసుకోవడం సేనాపతి గొప్పతనం. 1514 వేసవిలో కోట లొంగింది. ప్రతాపరుద్ర గజపతికి బంధువైన తిరుమల రౌతరాయడు చిక్కాడు. గజపతి పినతల్లి వరసావిడ ఒకరు కోటలో దొరికితే, ఆవిడను అన్ని మర్యాదలతో వెంట తీసుకుపోయారని నూనిజ్ అంటాడు. ఆ జులై 6న రాయలు తిరుమలలో 30,000 వరహాలతో స్వామికి కనకాభిషేకం చేయించాడు. ఎంత పెద్ద గెలుపో ఆ బంగారమే చెబుతుంది.

ఇప్పుడు సినిమాల దగ్గరికి వద్దాం. రాయలు తెర మీద కనిపించినన్ని సార్లు మరో తెలుగు నేలిన రాజు కనిపించలేదేమో. 'తెనాలి రామకృష్ణ' 1956లో వచ్చింది, 'మహామంత్రి తిమ్మరుసు' 1962లో వచ్చింది, రెండింట్లోనూ ఎన్టీఆరే రాయలు. 1991లో 'ఆదిత్య 369'లో బాలకృష్ణ. వీటిలో గజపతులతో వైరం అసలు కథకు ఆయువుపట్టుగా ఉన్నది 'మహామంత్రి తిమ్మరుసు'. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం, గుమ్మడి తిమ్మరుసు. గుమ్మడి ఆ పాత్రలో నిలబడిన తీరు చూస్తే నాకు ఇప్పటికీ చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఆ సినిమా నడిచేది కొలువులో, అంతఃపురంలో, మనుషుల మధ్య అనుమానాల్లో. చివరికి తిమ్మరుసు కళ్లు పోతాయి.

ఆ కళ్లు తీయించిన కథ నూనిజ్ రాసిపెట్టిందే. యువరాజుకు విషం పెట్టించారన్న నింద, మంత్రిని చెరలో వేయడం, కళ్లు తీయించడం అన్నీ అక్కడున్నాయి. అదే పుస్తకంలో కొన్ని పేజీల ముందు ఉదయగిరి దారి కథ ఉంది. కన్నీళ్లు తెప్పించే కథను మనవాళ్లు తీసుకున్నారు, బండలు పగలగొట్టిన కథను వదిలేశారు. ఆ రోజుల్లో కొండనూ, సైన్యాన్నీ తెర మీద చూపించాలంటే ఖర్చు భరించలేనిదని నాకు తెలుసు, అందుకని వాళ్లను తప్పుపట్టను. ఇప్పుడు కంప్యూటర్లో సముద్రాలనే సృష్టిస్తున్నాం. ఇప్పుడు ఆ మాట చెల్లదు.

నిజమైన ముట్టడిని మన సినిమా బాగా పట్టుకున్నది బొబ్బిలి విషయంలో అనిపిస్తుంది. 1757 జనవరి 24న జరిగిన యుద్ధం అది. ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులు ఒకవైపు, అడవి మధ్య మట్టికోట మరోవైపు. తెల్లవారి మొదలైన పోరు మధ్యాహ్నం దాటేదాకా సాగింది. ఫిరంగులు గోడను పగలగొట్టినా, ఆ పగులు గుండా లోపలికి దూరబోయిన ప్రతిసారీ బొబ్బిలివాళ్లు తిప్పికొట్టారని ఆ కాలపు ఇంగ్లీషు చరిత్రకారుడు రాబర్ట్ ఆర్మ్ రాశాడు. 1964 'బొబ్బిలి యుద్ధం'లో ఎస్వీ రంగారావు తాండ్ర పాపారాయుడుగా కనిపించినప్పుడు లెక్కలూ కొలతలూ పక్కనపెట్టినా ఒక సంగతి సరిగ్గా తెలుస్తుంది. దిగ్బంధంలో ఉన్నవాళ్లకు గంటగంటకూ దారులు ఎలా మూసుకుపోతాయో తెలుస్తుంది. నాకు చారిత్రక సత్యం అంటే మొదట అదే. కిరీటం ఆకారం తర్వాత చూసుకోవచ్చు.

అయితే కిరీటం గురించి కూడా ఒక మాట అనేస్తాను. తిరుమల ఆలయంలో ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ రాయల లోహవిగ్రహం చూసే ఉంటారు. తల మీద పొడవాటి కుళ్లాయి ఉంటుంది. అంత స్పష్టంగా, ఆయన కాలంలోనే చేసిన ఆధారం కళ్లెదుట ఉంటే, సినిమాల్లో ఆయనకు పౌరాణికాల కిరీటం ఎందుకు? గుర్రాల సంగతీ అంతే. శాతవాహనుల కాలపు కథ తీసినా రౌతు కాళ్ల కింద ఇనప అంకవన్నెలుంటాయి. ఆ రోజుల్లో మన దేశంలో అవి లేవు. నటుడు కింద పడకూడదు కదా, అందుకని ఇది మాత్రం క్షమించేయవచ్చు.

క్షమించలేనిది ఫిరంగుల విషయం. మన సినిమాల్లో ఫిరంగి పేల్చడం, మళ్లీ పేల్చడం, మళ్లీ పేల్చడం ఊపిరి తీసినంత తేలిక. నిజానికి ఆ కాలపు ఫిరంగిని ఒకసారి పేల్చాక శుభ్రం చేయాలి, మందు కూరాలి, గుండు దించాలి. ఆ ఖాళీ సమయంలోనే యుద్ధాలు గెలిచారు, ఓడారు. రాయచూరు దగ్గర 1520 మే 19న జరిగింది అదే. బీజాపూరు సుల్తాను ఆదిల్‌షా తన ఫిరంగులన్నిటినీ ఒక్కసారిగా పేల్చాడు. విజయనగరం ముందు వరస చితికిపోయి వెనక్కి తిరిగింది. రాయలు రెండో వరసతో ఉన్నాడు. పారిపోయి వచ్చేవాళ్లను ఆపి, గుర్రమెక్కి, అవతలివాళ్లు మళ్లీ సర్దుకునే లోపలే సైన్యమంతటినీ ముందుకు ఉరికించాడు. ఆదిల్‌షా సేనను కృష్ణలోకి తరిమేశారు. ఇంతకన్న ఉత్కంఠ ఏ రచయిత కల్పించగలడు? ఒక్క దెబ్బకు అన్నీ పేల్చేసినవాడి పొరపాటు, దాన్ని క్షణంలో పసిగట్టినవాడి తెలివి. ప్రేక్షకుడికి 'ఫిరంగి ఖాళీ అయింది' అన్న ఒక్క సంగతి ముందుగా తెలిస్తే చాలు, కుర్చీ అంచున కూర్చుంటాడు.

అదే రాయచూరు కోట ముట్టడిలో ఇంకో ముచ్చట ఉంది. గోడ రాళ్లు ఊడబెరుక్కొచ్చిన సైనికుల దగ్గర ఆ రాళ్లను కొనడం మొదలుపెట్టారు. రాయి సైజును బట్టి పది పణాలు, ఇరవై, ముప్పై, యాభై దాకా. ఇక చూడండి, ప్రాణాలకు తెగించి గునపాలతో గోడ మీద పడ్డారు. పైనున్న ఫిరంగులను గోడ మొదట్లో ఉన్నవాడి మీదికి వంచి కాల్చడానికి వీలుండదు. పైనుంచి రాళ్లు వేద్దామని ఎవరైనా గోడ మీద నుంచి తొంగిచూస్తే, క్రిస్తోవావ్ ద ఫిగెయిరెదో అనే పోర్చుగీసువాడు తన తుపాకీవాళ్లతో కింద కాచుకుని ఉన్నాడు. కోట అధికారే అలా వంగి చూసి, నుదుట గుండు తగిలి పడిపోయాడు. మర్నాడు కోటవాళ్లు తలుపులు తీశారు. గోడ మొదట్లో గునపాలు, దూరంగా తుపాకులు, మధ్యలో డబ్బు. యుద్ధ తంత్రం అంటే ఇలా ఉంటుంది.

ఇంతకీ నూనిజ్ చెప్పిందంతా వేదమా అంటే, కాదు. కొండవీడులో చిక్కిన గజపతి కొడుకు వీరభద్రుడి కథే చూడండి. కత్తి యుద్ధంలో తనకు సాటిరాని తక్కువ అంతస్తువాడితో పోటీ పెట్టారని అవమానపడి ఆ రాకుమారుడు ప్రాణం తీసుకున్నాడని నూనిజ్ రాశాడు. గొప్ప సన్నివేశమే. కానీ 1516 నాటి కన్నడ దేశపు శాసనం ఒకటి, అదే వీరభద్రుడు రాయల కింద మలెగ బెన్నూరు సీమను ఏలుతున్నట్టు చెబుతోంది. శాసనం రాయి మీద చెక్కింది, నూనిజ్ ఇరవై ఏళ్ల తర్వాత ఎవరో చెప్పగా విన్నాడు. నేను రాయినే నమ్ముతాను. సైన్యాల అంకెలూ అంతే. రాయచూరు మీదికి ఏడు లక్షల పైచిలుకు కాల్బలం పోయిందని నూనిజ్ అంటే, ఆ మాటను సినిమాలో కంప్యూటర్ సైన్యాన్ని చూసినట్టే చూడాలి. మన కవులు మాత్రం తక్కువ తిన్నారా? రాయల కాలపు ప్రబంధాల్లో ఉదయగిరి ఒక పద్యపాదంలో, చిటికెలో చిక్కిపోతుంది. పద్దెనిమిది నెలల చెమట ఆ పద్యంలో ఇంకిపోయింది. యుద్ధాన్ని కుదించి వీరుడి గొప్పగా చెప్పే అలవాటు సినిమాతో పుట్టింది కాదు.

'రాయవాచకం' అని ఒక పాత వచన గ్రంథం ఉంది, 1600 ప్రాంతపుది. అందులో అప్పాజీ, అంటే మన తిమ్మరుసు, ఎత్తుగడ ఒకటి చెబుతారు. గజపతి కింద పదహారుగురు మహాపాత్రులు, మొండి వీరులు. అప్పాజీ వాళ్ల పేర కానుకల పెట్టెలు, ఒప్పందం కుదిరినట్టు ఉత్తరాలు పంపి, అవి గజపతి మనుషుల చేతికే చిక్కేటట్టు చేస్తాడు. గజపతి చదివి, తనవాళ్లే తనను అమ్మేశారనుకుని, రాత్రికి రాత్రే పారిపోతాడు. ఇది జరిగిందో లేదో గానీ, యుద్ధం గురించి మన పూర్వుల అవగాహన ఎంత లోతైనదో ఈ కథ చెబుతుంది. అనుమానం కూడా ఆయుధమేనని వాళ్లకు తెలుసు. కత్తుల ఖణఖణ లేకుండా ఒక్క ఉత్తరంతో నడిచే ఇలాంటి సన్నివేశం ఎంత బలంగా ఉంటుందో ఏ నటుణ్ణయినా అడగండి.

ఉదయగిరి యుద్ధాన్ని దృశ్యంగా నిలపాలన్న ఆలోచన రాయలకే వచ్చింది. కోట గెలిచాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తీసుకెళ్లి, కొత్తగా గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠ చేశాడు. హంపీలో కృష్ణాలయం అంటే అదే. ఆ గుడి తూర్పు గోపురం మీద గచ్చుతో చేసిన యుద్ధపు బొమ్మలున్నాయి. డాళ్లు పట్టిన భటులు, గుర్రాల మీద రౌతులు, ఏనుగులు. చాలావరకు శిథిలమయ్యాయి, అయినా మిగిలినవాటిలో ఆ కదలిక ఉంది. మన కొండ యుద్ధాన్ని తలుచుకుంటూ చేయించిన బొమ్మలవి. విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఉదయగిరి నుంచి హంపీకి వెళ్లేవాళ్లు విఠలాలయంలో రాతిరథం దగ్గర ఫొటోలు దిగి వచ్చేస్తారు. కృష్ణాలయం దగ్గర ఒక్క పావుగంట ఆగితే మన ఊరి కథ కనిపిస్తుంది.

సినిమా తీస్తే ఎలా తీయాలి? నేను దర్శకుణ్ణి కాను గానీ, ఒక ఉదాహరణ మాత్రం చెప్పగలను. జపాన్‌లో కురసావా 1954లో 'సెవెన్ సమురాయ్' తీశాడు. దోపిడీదొంగల నుంచి ఒక పల్లెను కాపాడటానికి వచ్చిన పెద్ద సమురాయ్ ముందు చేసేది ఏమిటి? ఊరంతా కాలినడకన తిరుగుతాడు. కాగితం మీద పటం గీస్తాడు. ఏ వైపు అడవి, ఏ వైపు పొలం, ఎక్కడ నీళ్లు పెట్టాలి, ఎక్కడ అడ్డుకట్ట కట్టాలి, అన్నీ మనకూ చూపిస్తాడు. శత్రువుల సంఖ్యను సున్నాలుగా గీసి, ఒక్కొక్కడు చచ్చేకొద్దీ ఒక్కో సున్నా కొట్టేస్తాడు. చివరి యుద్ధం వానలో, బురదలో, గందరగోళంగా జరుగుతుంది. అయినా ఎవరు ఎక్కడున్నారో మనకు తెలుస్తూనే ఉంటుంది, ఎందుకంటే ఆ పల్లె మనకు ముందే పరిచయం. మన సినిమాల్లో యుద్ధం మొదలయ్యాక తూర్పేదో పడమరేదో తెలియదు. అందువల్లే గంటసేపు నరికినా గుండె అదరదు.

ఉదయగిరిని అలా పరిచయం చేయండి. మొదట ఆ ఒంటి దారి చూపించండి. ఆ దారిన ఎక్కబోయి రాళ్ల కింద పడిపోయిన మొదటి గుంపును చూపించండి. తర్వాత బండ పనివాళ్లు రావాలి. వేసవిలో ఎండిన వాగులు రావాలి, కార్తీకంలో ఇక్కడ విరుచుకుపడే తుఫాను వానలు, విడిదిలో జ్వరాలు, తడిసిన గింజలు రావాలి. పైన కోటలో తిరుమల రౌతరాయడు రోజూ పొద్దున గోడ దగ్గర నిలబడి, కింద దారి నిన్నటికన్న ఎంత పైకి వచ్చిందో చూసుకుంటూ, కొట్లో గింజలు కొలిపించుకుంటూ ఉండాలి. అతనూ వీరుడే. ఏడాదిన్నర నిలబడ్డాడు. అతన్ని పళ్లు కొరికే విలన్‌గా చూపిస్తే ఆ కొండకే అన్యాయం. గెలిచాక ఉదయగిరిని రాయసం కొండమరుసు చేతిలో పెట్టిన సంగతి, గజపతి ఇంటి ఆవిడను మర్యాదగా వెంట తీసుకుపోయిన సంగతి చివర్లో రావాలి.

హైదరాబాదులో కూర్చుని వందల కోట్లతో చరిత్ర సినిమాలు తీస్తున్న పెద్దలకు నా మనవి ఒక్కటే. కథ కోసం కల్పిత రాజ్యాలు వెతకండి, వద్దనను. కానీ ఒక్కసారి ఉదయగిరి రండి. మీ రచయితను, ఛాయాగ్రాహకుణ్ణి వెంటబెట్టుకుని కొండ ఎక్కండి. సెట్టు వేయక్కర్లేదు, గోడలున్నాయి. యుద్ధం ఎలా జరిగిందో చెప్పే గురువు కూడా అక్కర్లేదు, ఆ దారే చెబుతుంది.

మీరూ రండి. పిల్లల్ని తీసుకురండి. కింద ఊళ్లో కొయ్య గరిటెలు, చెంచాలు చేసే ఇళ్లున్నాయి, రెండు కొనండి, బాగుంటాయి. కొండ ఎక్కడానికి మాత్రం ఎండాకాలం వద్దు, వానలు వెనకపట్టి సంక్రాంతి దగ్గరపడ్డాక పెట్టుకోండి. తెల్లవారుజామునే బయలుదేరండి, దారి తెలిసిన ఊరిమనిషిని తోడు తీసుకోండి, తాగడానికి నీళ్లు దండిగా మోసుకుని పోండి. పిల్లలు తాటిచెట్ల గురించి అడిగితే వెంటనే సమాధానం చెప్పొద్దు. ముందు సగం కొండ ఎక్కించండి.